ఉప్పుగాలికి విరిగిన స్ప్రింగు, ఇంటి పోర్టికోలో మార్పిడి: నా అనుభవం

స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర "టంగ్" మని మోత వస్తూ, కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మోత వినబడుతోందంటే, దాన్ని బేరింగు మోత అనుకొని వదిలేయకూడదు. చక్రంతో పాటు తిరగవలసిన స్ప్రింగు ఎక్కడో పట్టేసి, మెలిపడి, ఒక్కసారిగా జారినప్పుడు అలాంటి మోత వస్తుంది. నా దగ్గరున్న రెండు సీట్ల జర్మన్ స్పోర్ట్స్ కారులో నిరుడు ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసిన తర్వాత ఎడమ పక్కన ఇదే మొదలైంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ముందు చక్రాలకు ఇలాంటి అమరిక ఉన్న కార్లు ఎన్నో కంపెనీలవి ఉన్నాయి. పైగా స్ప్రింగు విరగడానికి కారణం తయారీ లోపం కన్నా మా తీరప్రాంతపు ఉప్పేనని, దాన్ని విప్పి చూసిన తర్వాత నాకు నమ్మకం కుదిరింది.

ఈ కారును నేను బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అక్కడ అది అపార్టుమెంటు సెల్లారులో నీడపట్టున ఉండేది. నెల్లూరు వచ్చాక దాని బతుకు మారింది. మా రొయ్యల గుంటలు ఇందుకూరుపేట మండలంలో ఉండటంతో తరచు అటు వెళ్లవలసి వస్తుంది. ఆ దారిలో రొయ్యల లోడుతో వెళ్లే బండ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, మైపాడు దగ్గర పడేకొద్దీ గాలిలోనే ఉప్పు తగులుతుంది. గుంటల దగ్గర మోటారు షెడ్డు గొళ్లాలు ఎన్నాళ్లకు తుప్పుపట్టి రాలిపోతాయో ఆ ప్రాంతం వారికి నేను చెప్పనక్కరలేదు. దానికి తోడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు బరువు లారీలు తిరిగే రోడ్లు ఎలా తయారవుతాయో అందరూ ఎరిగినదే.

మోత విన్న తర్వాత నేను చేసిన మొదటి పని కారును చదునైన చోట నిలబెట్టి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవడం. కుడి పక్క కన్నా ఎడమ పక్క 14 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా కూడా కొలతలో కలిసిపోతుంది కాబట్టి, ఎప్పుడైనా చక్రం మధ్య నుంచే కొలవాలి. ఆ తర్వాత స్టీరింగును పూర్తిగా తిప్పి, చక్రం వెనక సందులోకి టార్చిలైటు వేసి, చేయి పట్టని చోటికి ఫోను దూర్చి ఫొటో తీశాను. స్ప్రింగు అడుగు చుట్టు చివరి భాగం దాదాపు అరచుట్టు మేర తెగిపోయి, ఆ ముక్క కింది పళ్లెంలో రబ్బరు మీద పడి ఉంది. పైనున్న మిగతా స్ప్రింగు తెగిన మొనతో ఆ పళ్లెం మీదే నిలబడి ఉంది.

ఈ స్థితిలో కారు నడుస్తుంది, కానీ నడపకూడదు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ అనే ఈ అమరికలో, అంటే 1940ల చివర అమెరికన్ ఇంజినీరు మెక్‌ఫర్సన్ రూపొందించిన పద్ధతిలో, షాక్ అబ్జార్బరు చుట్టూనే స్ప్రింగు కూర్చుంటుంది; ఈ రెండూ కలిసిన కట్టే స్ట్రట్. దాని కింది పళ్లెం టైరు లోపలి గోడకు చాలా దగ్గరగా ఉంటుంది. తెగిన మొన పళ్లెం అంచు దాటి జారితే నేరుగా టైరును కోస్తుంది. అది హైవే మీద జరిగితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. అందుకే కారును అక్కడి నుంచి కదిలించలేదు. సర్వీసు కేంద్రం ఉన్నది చెన్నైలో, సుమారు 175 కిలోమీటర్ల దూరం. కారును లారీ మీద ఎక్కించి పంపడం, వాళ్లు చెప్పిన అంచనా, అన్నీ కలిపి చూస్తే ఇంట్లో చేసుకుంటే అందులో మూడో వంతు లోపే తేలుతుందని లెక్క వచ్చింది. నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. బ్రేకులు, క్లచ్చి వంటి పనులు ఇంతకు ముందు ఇంట్లో చేసినవాణ్ణే.

ఆటోనగర్‌లో లారీల కమాను కట్టల పని చేసే ఒక పెద్దాయన మా వీధిలోనే ఉంటారు. సాయం అడగడానికి వెళ్లి ఫొటో చూపిస్తే ఆయన కాసేపు చూసి, "అబ్బయ్యా, కమానులో పట్టీ ఇరిగితే ఆ ఒక్క పట్టీ మార్చుకుంటాం. దీంట్లో పట్టీల్లేవు గదా, ఉండేది ఒక్క తీగే. ఏస్తే రెండు పక్కలా ఏసుకో, లేకుంటే గమ్మునుండు" అన్నారు.

"కుడి పక్కది బాగానే ఉంది గదా మేస్త్రీ?" అన్నాను.

"దానికీ వయసు ఇదే గదా" అన్నారు.

ఆ మాటకు లెక్క కూడా తోడుగా నిలుస్తుంది. చుట్ల స్ప్రింగు బిర్రు, అంటే నొక్కితే ఎదురు నిలిచే గట్టిదనం, తీగ మందపు నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో, చుట్టు వ్యాసపు మూడో ఘాతానికి, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. పనిచేసే చుట్లు ఐదున్నర నుంచి ఐదుకు తగ్గితే చాలు, స్ప్రింగు పది శాతం గట్టిపడుతుంది. ఒక పక్క కొత్తది, ఒక పక్క ఏళ్ల తరబడి బరువు మోసి కాస్త కుంగినది ఉంటే ఎత్తులో తేడా వస్తుంది, ఎత్తుతో పాటు చక్రాల వాలు మారుతుంది, గట్టిగా బ్రేకు వేసినప్పుడు రెండు పక్కలా బరువు ఒకేలా దిగదు. మామూలు కారులో దీన్ని కొంతవరకు ఓర్చుకోవచ్చునేమో. వంపుల్లో నిలకడ కోసమే కొనుక్కున్న కారులో ఓర్చుకోవడం అర్థం లేని పని.

స్ప్రింగులు తెప్పించేటప్పుడు మోడలు పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే మోడలులో ఇంజిను, గేరుబాక్సు, అదనపు సామగ్రి బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులు వేస్తారు. వాటిని గుర్తుపట్టడానికి తీగ మీద రంగు చారలు ఉంటాయి. పాత స్ప్రింగు మీది చారలు మట్టిలో మాసిపోయి ఉంటాయి కాబట్టి ఛాసిస్ నంబరు ఇచ్చి, దాన్ని బట్టి వచ్చే పార్టు నంబరుతోనే ఆర్డరు పెట్టాలి. నేను చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డులోని ఒక విడిభాగాల వ్యాపారి ద్వారా తెప్పించుకున్నాను. స్ప్రింగులతో పాటు కింది రబ్బర్లు, పైన స్టీరింగుతో తిరిగే బేరింగులు, షాక్ అబ్జార్బరు రాడ్డు మీదుండే బంపు రబ్బర్లు, దుమ్ము తొడుగులు, మళ్లీ వాడకూడని లాకు నట్లు కూడా అప్పుడే చెప్పాను. ఇవన్నీ స్ప్రింగు ఊడితేనే చేతికి అందే సామాన్లు. వాటి కోసం మళ్లీ ఇంత పనీ విప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మా పోర్టికోలో పరిచింది చీమకుర్తి నల్ల గ్రానైటు. చూపుకు బాగుంటుంది గానీ, దాని మీద జాకీ పెట్టడం ప్రమాదం. పాలిషు రాయి మీద జాకీ చక్రాలు, స్టాండ్ల కాళ్లు జారుతాయి. బరువంతా ఒక్క చోట పడితే రాయి పగలవచ్చు కూడా. ఆటోనగర్‌లో పాత కన్వేయర్ బెల్టు ముక్కలు దొరుకుతాయి, అవి పరిచి, వాటి మీద మందపాటి ప్లైవుడ్ పలకలు వేసి, ఆ పైన స్టాండ్లు నిలబెట్టాను. కారు నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే మామూలు జాకీ తల దాని కిందికి పోదు. పొట్టి జాకీని మేస్త్రే తెచ్చారు. ముందు రెండు చక్రాలనూ ఒకేసారి పైకి లేపాలి. ఒక పక్కే లేపితే రెండు పక్కలనూ కలిపే యాంటీ రోల్ బారు మెలిపడి, దాని లింకు బోల్టు మీద బలం పడుతుంది; అప్పుడు బోల్టు రాదు, వచ్చినా చెయ్యి నలుగుతుంది.

అంతకు ముందు రోజు సాయంత్రమే విప్పవలసిన బోల్టులన్నిటినీ ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలే నూనె కొట్టి, రాత్రంతా నాననిచ్చాను. ఉప్పు తిన్న బోల్టుల విషయంలో ఈ రాత్రి నానబెట్టడం తర్వాతి సగం పనిని తగ్గిస్తుంది. లింకు బోల్టు నట్టు తిప్పుతుంటే లోపలి పిన్ను కూడా తిరిగిపోతుంది; దాన్ని పట్టి ఉంచడానికి పిన్ను చివర ఆరు పలకల గుంట ఉంటుంది. ఆ గుంటలో మట్టి గట్టిపడి ఉంటే అందులో పెట్టే తాళం (అలెన్ కీ) సగమే దిగుతుంది, సగం దిగిన తాళంతో బలం పెడితే గుంట అరిగిపోతుంది. సన్నని మేకుతో ఆ మట్టిని పూర్తిగా పెళ్లగించిన తర్వాతే తాళం పెట్టాను. ఏబీఎస్ సెన్సారు తీగను, బ్రేకు గొట్టాన్ని క్లిప్పుల నుంచి తప్పించి, కాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగాన్ని) విప్పి, కట్టుతీగతో పైనున్న గట్టి భాగానికి వేలాడదీశాము. కాలిపర్ బరువు రబ్బరు గొట్టం మీద పడకూడదు.

అసలు మొండికేసింది స్ట్రట్ అడుగును పట్టుకొని ఉండే బిగింపు బోల్టు. ఇలాంటి చోట చాలామంది గ్యాసు మంట పెడతారు. పక్కనే బాల్ జాయింటు రబ్బరు, బ్రేకు గొట్టం, నూనెతో నిండిన షాక్ అబ్జార్బరు ఉండగా మంట పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. మేస్త్రి పానాకు పొడుగాటి పైపు తొడిగి, విప్పే వైపు ఒక్కసారిగా లాగకుండా, ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత విప్పే వైపు కొద్దిగా, మళ్లీ నూనె కొట్టి, ఇలా అటూ ఇటూ ఆడిస్తూ పోయారు. మరలో ఇరుక్కున్న తుప్పు పొడి అయి గోధుమ రంగు బురదలా కారడం కనబడింది, ఆ తర్వాత బోల్టు తేలికైంది. బోల్టు తీసినంత మాత్రాన స్ట్రట్ ఊడదు. దాన్ని పట్టుకున్న పోత లోహపు భాగంలో ఉన్న చీలికలో కోలగా ఉండే ప్రత్యేక బిట్టు పెట్టి తొంభై డిగ్రీలు తిప్పితే చీలిక వెడల్పవుతుంది. చక్రాన్ని కారు ఫ్రేముకు కలిపే కింది ఆర్ముల లోపలి బోల్టులను కూడా కొంచెం వదులు చేసి, చక్రం బిగించే హబ్బును కిందికి దించితే స్ట్రట్ బయటికి వచ్చింది. పైన బానెట్ కింద ఉండే మూడు నట్లు విప్పే ముందు, అవి కూర్చున్న చోటు చుట్టూ తెల్ల పెయింటుతో గీత గీశాను. చక్రం వాలు అక్కడ ఏ మేరకు జరిగి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇక స్ప్రింగును నొక్కి విప్పే పని. ఇది ఇంట్లో చేసే మరమ్మతులన్నిటిలో నేను అత్యంత ప్రమాదకరంగా భావించేది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. స్ట్రట్ బయటికి వచ్చాక కూడా స్ప్రింగు రెండు పళ్లేల మధ్య నొక్కుకునే ఉంటుంది. పై నట్టు తీయాలంటే కంప్రెసరుతో, అంటే స్ప్రింగును నొక్కిపట్టే సాధనంతో, ఇంకా నొక్కాలి. మిల్లీమీటరుకు 30 న్యూటన్ల బిర్రు ఉన్న స్ప్రింగును 100 మిల్లీమీటర్లు నొక్కితే 3,000 న్యూటన్ల బలం, అంటే సుమారు 300 కిలోల బరువంత బలం అందులో నిలబడుతుంది. దాచుకున్న శక్తి 150 జౌళ్లు. 15 కిలోల ఇనుప దిమ్మెను మీటరు ఎత్తు నుంచి వదిలితే తగిలే దెబ్బ అది. కంప్రెసరు కొక్కెం జారితే ఆ దెబ్బ ఎదురుగా ఉన్నవాడికి తగులుతుంది. పై పళ్లెం, బేరింగు ఊడి వచ్చే దిశలో మొహం గానీ చేయి గానీ ఉండకూడదు.

కంప్రెసరు రెండు విడి మరల జత. రెండింటినీ స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా పట్టించి, మరలకు గ్రీజు రాసి, ఒక్కో దాన్ని రెండేసి చుట్ల చొప్పున మార్చి మార్చి చేతి పానాతోనే తిప్పాలి. గాలి గన్నుతో తిప్పితే మర వేడెక్కి పట్టేస్తుంది, పైగా రెండు పక్కలా సమానంగా నొక్కుకుంటోందో లేదో చేతికి తెలియదు. విరిగిన స్ప్రింగుతో ఇంకో చిక్కుంది: అడుగు చుట్టు వాలుగా నిలబడటంతో నొక్కేకొద్దీ స్ప్రింగు పక్కకు వంగుతుంది. మాది అలా వంగుతుందని కనబడగానే పూర్తిగా వదులు చేసి, తెగిన మొనకు దూరంగా, రెండు కొక్కేలనూ చెక్కుచెదరని చుట్ల మీదికి మార్చి మళ్లీ మొదలుపెట్టాము. అదనపు జాగ్రత్తగా స్ప్రింగు చుట్ల మధ్య నుంచి ఇనుప గొలుసు దూర్చి కట్టాము. పై పళ్లెం చేతితో తిప్పితే వదులుగా తిరిగేంత వరకు నొక్కిన తర్వాత, రాడ్డును లోపలి తాళంతో పట్టి, రింగు పానాతో నట్టు విప్పాను.

చేతికి వచ్చిన స్ప్రింగు ముక్కను పెట్రోలుతో కడిగి చూసినప్పుడు దాని చరిత్ర అంతా ఆ తెగిన ముఖం మీదే ఉంది. తీగ అంచున గోరంత మేర నెలవంక ఆకారంలో నల్లబడి, తుప్పు రంగు తిరిగి ఉంది. మిగిలిన భాగమంతా బూడిద రంగులో గరుకుగా, కొత్తగా మెరుస్తోంది. నల్లని భాగం చాలా కాలంగా కొద్దికొద్దిగా లోపలికి పాకిన పగులు. మెరిసే భాగం చివరికి ఒక్క గుంతలో ఒక్కసారిగా తెగినది. తెగిన ముఖం తీగకు అడ్డంగా లేదు, నలభై ఐదు డిగ్రీల వాలులో మెలికలా ఉంది. బడిలో సుద్దముక్కను రెండు చివరలా పట్టుకొని మెలిపెట్టి విరిచిన వారికి ఆ ఆకారం గుర్తుండే ఉంటుంది. స్ప్రింగు పైకి కిందికి ఆడుతున్నట్టు కనబడుతుంది గానీ, తీగ పడే పాట్లన్నీ మెలికవే. అందుకే అది అలా తెగుతుంది.

ఆ నెలవంక మొదలైన చోట తీగ మీది ప్లాస్టిక్ పూత లేచి, చిన్న గుంట పడి ఉంది. స్ప్రింగు అడుగు చుట్టు రబ్బరు మీద ఆనేదీ లేచేదీ సరిగ్గా అక్కడే. రబ్బరుకు, తీగకు మధ్య ఇసుక, ఉప్పునీటి బురద చేరి, ప్రతి కుదుపుకూ గీకుతూ పూతను తినేశాయి. పైకి కనబడే నాలుగైదు చుట్లు కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. స్ప్రింగు ఉక్కు బలమైనది కాబట్టే చిన్న తుప్పు గుంట కూడా దానికి ముప్పు. మెత్తని ఇనుము సాగి ఓర్చుకుంటుంది, బిర్రైన ఉక్కు ఆ గుంట దగ్గర ఒత్తిడిని పోగుచేసుకొని పగులుతుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు కారును పైకి లేపి "స్ప్రింగులు బాగున్నాయి" అని చెప్పేవారు చూసేది పై చుట్లనే. విప్పిన కుడి స్ప్రింగులో కూడా అదే చోట పూత లేచి తుప్పు మొదలై ఉంది. మేస్త్రి దాన్ని గోటితో గీకి చూపించారు గానీ ఏమీ అనలేదు.

పాత బంపు రబ్బరు చేతిలో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. కొత్త స్ప్రింగును అమర్చడం విప్పినదాన్ని తిరగేసి చేయడమే, రెండు సంగతులు తప్ప. మొదటిది, స్ప్రింగు అడుగు మొన పళ్లెంలో దాని కోసం ఉన్న అడ్డుకు తాకీ తాకకుండా కూర్చోవాలి. అర అంగుళం దూరంగా కూర్చున్నా కొన్నాళ్లకు తిరిగి సర్దుకుంటూ మోత చేస్తుంది. రెండోది రబ్బరు బుష్షులకు సంబంధించినది. కింది ఆర్ముల లోపలి బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. ఆ బుష్షుల్లో రబ్బరు లోపలి, బయటి ఇనుప గొట్టాలకు అతుక్కొని ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు నేలకు దిగినప్పుడు రబ్బరు మెలిపడే ఉండిపోతుంది, తొందరగా చీలుతుంది, కారు ఎత్తును కూడా అది మార్చేస్తుంది. అందుకని హబ్బు కింద జాకీ పెట్టి, విరగని కుడి పక్కన మొదట తీసుకున్న కొలత వచ్చేవరకు లేపి, ఆ స్థితిలో టార్క్ రెంచితో మాన్యువల్‌లో చెప్పినంత బిగించాను. పని తెలిసిన మెకానిక్కులు కూడా తొందరలో వదిలేసే అడుగు ఇదేనని నా అభిప్రాయం. చక్రాల బోల్టులను కారు నేల మీద నిలిచాక 120 న్యూటన్ మీటర్లకు బిగించాను, కొంచెం తిరిగి వచ్చాక మళ్లీ సరిచూశాను.

కుడి పక్క పని చెప్పుకోవడానికి ఏమీ లేదు. చేయి తిరిగింది, బోల్టులు కూడా కనికరించాయి.

మొదట్లో కారు ముందుభాగం కాస్త ఎత్తుగా కనబడింది. కొత్త స్ప్రింగులు, రబ్బర్లు సర్దుకునే వరకు కొద్దిరోజులు ఊళ్లోనే నెమ్మదిగా తిప్పి, ఆ తర్వాత వీల్ ఎలైన్‌మెంటుకు తీసుకువెళ్లాను. అక్కడి ర్యాంపు ఏటవాలుకు కారు ముందు పెదవి తగులుతుందని ఇంటి నుంచే పలకలు తీసుకుపోయి ర్యాంపు మొదట్లో వేయించాను. తెల్ల పెయింటు గీతల వల్ల చక్రాల వాలు పెద్దగా మారలేదు. ముందు చక్రాల మధ్య టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) మాత్రం సరిచేయవలసి వచ్చింది. స్టీరింగు కోణం సెన్సారును కూడా స్కానరుతో సున్నాకు తెప్పించాను, లేకపోతే స్కిడ్ కాకుండా ఆపే వ్యవస్థ నేరుగా వెళ్తున్న కారును కూడా మలుపులో ఉందని పొరబడుతుంది.

ఇప్పుడు టేపుతో కొలిస్తే రెండు పక్కలకూ తేడా 2 మిల్లీమీటర్ల లోపే. స్టీరింగు ఎంత తిప్పినా మోత లేదు. రొయ్యల గుంటల నుంచి వచ్చిన ప్రతిసారీ చక్రాల లోపలి సందుల్లో, ముఖ్యంగా స్ప్రింగు అడుగు రబ్బరు దగ్గర, మంచినీళ్ల పైపుతో కడుగుతున్నాను. ఎక్కువ ఒత్తిడితో కొట్టే గన్ను వాడితే లేచిన పూత ఇంకా లేస్తుంది కాబట్టి మామూలు పైపే వాడుతున్నాను. అదే ఊపులో వెనుక చక్రాలు కూడా విప్పి చూశాను. కుడి వెనుక స్ప్రింగు అడుగు చుట్టు మీద పూత ఒక చోట గోరంత లేచి ఉంది, తుప్పు ఇంకా లోపలికి దిగలేదు. దాన్ని సన్నని ఎమెరీ కాగితంతో శుభ్రం చేసి, ఎపాక్సీ ప్రైమరు రెండు పొరలు వేశాను. వచ్చే అక్టోబరు వానలకు ముందు ఆ రబ్బరు ఎత్తి మరోసారి చూస్తాను. గుంట పడినట్టు కనబడితే వెనుక జత కూడా మార్చడమే.